రాజ్యమేలిన పిల్లలు బడికి తిరిగి వచ్చినప్పుడు

మాయాలోకాలకు వెళ్ళివచ్చిన కథల్లోని పిల్లలు, ఇల్లూ అమ్మానాన్నలూ ఉండి కూడా, మళ్ళీ అక్కడికే పోవాలని ఎందుకు తపిస్తారని మీరు అడిగారు. పెద్దవాళ్ళు కావడమంటే భయం వల్లనే అని సాధారణంగా చెబుతుంటారు కానీ, హనుమకొండ దగ్గరి ఒక ప్రభుత్వ పాఠశాలలో ఏళ్ళుగా పిల్లలకు కథలు చెబుతున్న నేను ఆ మాటను ఎంతమాత్రం అంగీకరించను. ఆ పిల్లలు అక్కడ అప్పటికే పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళను తిరిగి చిన్నవాళ్ళను చేయడమే వాళ్ళ దుఃఖం.

1950లో వచ్చిన, ఇంగ్లిష్ రచయిత సి.ఎస్. లూయిస్ తొలి నార్నియా కథనే చూడండి; నార్నియా అంటే ఆయన ఊహించిన మాయాదేశం. నలుగురు తోబుట్టువులు బట్టల బీరువాలోంచి ఆ దేశానికి పోయి, రాజులూ రాణులూ అయి, ఏళ్ళ తరబడి పాలించి, యుక్తవయస్కులవుతారు. తిరిగి బీరువాలోంచి బయటపడేసరికి ఇక్కడ కాలమే గడవలేదు, వాళ్ళు మళ్ళీ బడిపిల్లలే.

ఈ కథను ఏడో తరగతిలో చెప్పినప్పుడు, మామూలుగా నోరు విప్పని ఒక అమ్మాయి లేచి, "అంత రాజ్యమేలినోళ్ళను మళ్ళ పిల్లల్ని జేసి బడికి తోలిన్రా సార్?" అని కోపంగా అడిగింది. ఆ కోపం ఎక్కడిదో తరగతి ముగిశాక తెలిసింది. రెండేళ్ళకొకసారి జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతరలో వాళ్ళ మేనత్త బెల్లం దుకాణం పెట్టింది. అక్కడ బంగారమని పిలిచే ఆ బెల్లాన్ని తూచి ఇచ్చింది, జనం ఒత్తిడిలో పైసలు తీసుకుని చిల్లర ఇచ్చింది, దారి తప్పిన ముసలివాళ్ళకు గద్దెలు ఎటో, జంపన్నవాగు ఎటో చూపించింది ఈ పిల్లే. "ఆడ ఎవ్వలు నన్ను చిన్నపిల్ల అనలే సార్. ఇంటికొచ్చినంక సందు చివర కిరాణానికి సుత ఒక్కదాన్ని పంపరు" అని చెబుతుంటే ఆమె గొంతు వణికింది. మళ్ళీ జాతర ఎప్పుడొస్తుందా అని ఆమె ఎదురుచూడటానికీ, ఆ నలుగురు పిల్లల తపనకూ నాకు తేడా కనిపించలేదు.

మన ఇళ్ళలో ఇటువంటి పిల్లను కూర్చోబెట్టి అక్కడ ఏం చేశావమ్మా అని అడిగేవారు లేరు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ తరగతులకు పంపి, కథల పుస్తకం పట్టుకుంటే చదువు పాడవుతుందని లాక్కునే తల్లిదండ్రులను నేను ఏటా చూస్తున్నాను, ఏటా బాధపడుతున్నాను. లూయిస్ కథలో మాత్రం ఆ బీరువా ఉన్న ఇంటి యజమాని అయిన ప్రొఫెసర్, ఆ నలుగురు పిల్లలూ చెప్పినదంతా విని, నమ్ముతాడు. ఆయన కూడా చిన్నతనంలో అక్కడికి వెళ్ళివచ్చినవాడేనని 1955 నాటి పుస్తకంలో తెలుస్తుంది. 1952 నాటి పుస్తకంలో, ఇక నువ్వు ఇక్కడికి రావని అస్లాన్ అనే సింహం చెప్పినప్పుడు ఆ నలుగురిలో చిన్నదైన లూసీ కుమిలిపోయింది కూడా ఆ దేశం దూరమవుతుందని కాదు, తనను నమ్మిన ఆ సింహాన్ని ఇక చూడలేనేమోనని.

ఫ్రాంక్ బామ్ రాసిన, ఓజ్ అనే మాయాలోకపు కథల్లో డొరొతీ అనే పిల్ల సంగతి ఇంకా స్పష్టం. 1900 నాటి మొదటి కథలో ఆమె ఇంటికే పోవాలని పట్టుబట్టింది, ఎందుకంటే ఆమెను పెంచిన పిన్నీ బాబాయీ అక్కడే ఉన్నారు. 1910లో వచ్చిన ఆరో పుస్తకంలో, అప్పుల వల్ల పొలం పోయే స్థితి వచ్చినప్పుడు, వాళ్ళిద్దరినీ ఓజ్‌కే పిలిపించుకుని అక్కడ స్థిరపడింది. ఆ తర్వాత ఆమెకు ఏ లోకం కోసమూ ఏడవవలసిన అవసరం రాలేదు.