శ్రీమతిలో పెళ్లి ఎక్కడ ఉంది?

సందేహం: గురువుగారికి నమస్కారములు. నేను విశాఖపట్నంలో ఒక ప్రభుత్వరంగ సంస్థలో అధికారిణిని. మొన్న మాఘమాసంలో నాకు వివాహమైంది. సెలవు ముగించుకొని వచ్చేసరికి, నా గది ముందున్న పేరుపలక మీద ‘కుమారి’ తీసివేసి ‘శ్రీమతి’ అని రాయించాలా, ఇంటిపేరు కూడా మార్చాలా అని కార్యాలయంవారు అడిగారు. పెళ్లి నా సొంత విషయం, ఉద్యోగం వేరు అని నా అభిప్రాయం. పోనీ ‘శ్రీ’ అని రాయించండి అంటే, అది మగవారికే చెల్లుతుందని తోటివారు నవ్వారు. మా విభాగంలోనే యాభై దాటిన అవివాహిత ఒకరున్నారు. ఆవిడకు కుమారి అంటే చిరాకు, శ్రీమతి అంటే మరీ చిరాకు. హిందీవారి ‘సుశ్రీ’ని మనం వాడవచ్చునా? వ్యాకరణం ఏమంటుందో చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, గాజువాక

సమాధానం: అమ్మా, మీరు వేసిన ప్రశ్నల్లో ఇంటిపేరు సంగతి వ్యాకరణం చూసుకోవలసినది కాదు. పెళ్లయిన స్త్రీ ఇంటిపేరు మార్చుకొని తీరాలని చట్టం కూడా చెప్పదు గనుక దానిని మీకే వదిలి, నాకు మక్కువైన శ్రీమతి దగ్గరకు వస్తాను.

శ్రీమతిలోని ‘మతి’ని బుద్ధి అనుకొని, ‘సంపదవంటి బుద్ధి గలది’ అని అర్థం చెప్పే పెద్దలను సభల్లో విన్నాను. ఆ మతి వేరు, ఈ మతి వేరు. ‘తదస్యాస్త్యస్మిన్నితి మతుప్’ అని, అంటే ‘అది దీనికి ఉంది, దీనిలో ఉంది’ అనే అర్థంలో పాణిని చెప్పిన మతుప్ ప్రత్యయం ఇక్కడ శ్రీ శబ్దం మీద చేరి శ్రీమత్ అయింది. దానికి స్త్రీప్రత్యయం తగిలి శ్రీమతీ, మన తెలుగులో శ్రీమతి అయింది. గుణానికి చివర అకారం ఉంది గనుక అక్కడ మకారం వకారమై గుణవతి అవుతుంది. బుద్ధికీ శ్రీకీ ఆ చిక్కు లేదు గనుక బుద్ధిమతి, శ్రీమతి అని మకారమే నిలుస్తుంది. శ్రీ గలది శ్రీమతి, శ్రీ గలవాడు శ్రీమంతుడు, అంతే. ఈ మతుప్ ఏయే అర్థాల్లో వస్తుందో పాణిని సూత్రాల మీద పతంజలి రాసిన మహాభాష్యంలో ఒక కారిక, అంటే శ్లోకం, లెక్కపెట్టి చెప్పింది: సమృద్ధి, నింద, ప్రశంస, ఎడతెగని సంబంధం, అతిశయం, సంసర్గం, ఉన్నదని చెప్పే ఇచ్ఛ. ఈ ఏడింటిలో వివాహం లేదు. సంసర్గమన్న మాట చూసి ఎవరూ తొందరపడవద్దు. అది చేత కర్ర పట్టుకున్నవాణ్ణి దండి అనడం వంటిది.

ఇది పండితుల గొడవ అనుకోకండి. మీ ఇంట్లో శ్రీమద్రామాయణం ఉండే ఉంటుంది. ఆ శ్రీమత్తూ మీ కార్యాలయంవారు రాయించబోయే శ్రీమతిలోని శ్రీమత్తూ ఒకటే. రామాయణానికి పెళ్లి ఎప్పుడైంది? లలితా సహస్రనామాలు చదివేవారు ప్రతిరోజూ మొదటి పంక్తిలోనే ‘శ్రీమాతా శ్రీమహారాజ్ఞీ శ్రీమత్సింహాసనేశ్వరీ’ అంటారు. అమ్మకు శ్రీ పెట్టారు, మహారాణికి శ్రీ పెట్టారు, శ్రీమత్తును తీసుకుపోయి సింహాసనానికి పెట్టారు. సింహాసనానికి చెల్లిన మాట పెళ్లికాని అధికారిణికి చెల్లకపోవడం ఏమిటో నాకు ఎన్నడూ అంతుపట్టలేదు.

పెళ్లివల్ల వచ్చే పేరు, తనంతట తనకు వచ్చే పేరు అని రెండు వేరుగా ఉన్నాయన్న సంగతి మన పూర్వులకు తెలియదా అంటే, మనకంటె బాగా తెలుసు. ‘పుంయోగాదాఖ్యాయామ్’ అని పాణిని సూత్రం. పురుషునితో సంబంధం కారణంగా స్త్రీకి వచ్చే పేరును అది వేరు చేస్తుంది. దీనిని అమరసింహుడు తన నిఘంటువైన అమరకోశంలో, మనుష్యవర్గంలో ఎంత ముచ్చటగా వాడుకున్నాడో చూడండి. ‘ఉపాధ్యాయాప్యుపాధ్యాయీ స్యాదాచార్యాపి చ స్వతః’ అన్నాడు. ఆ వెంటనే ‘ఆచార్యానీ తు పుంయోగే’ అన్నాడు. తాను స్వయంగా పాఠం చెప్పే స్త్రీ ఆచార్యా. ఆచార్యుని భార్య ఆచార్యానీ. ఆవిడ పాఠం చెప్పనక్కరలేదు, ఈవిడకు ఆచార్యుడైన భర్త ఉండనక్కరలేదు. ఆ ‘స్వతః’ అనే రెండక్షరాల మాట మీద నాకు చిన్నప్పటినుంచి మోజు. నిఘంటువు రాసేవాడు ఒక స్త్రీ చదువునూ ఆవిడ కాపురాన్నీ రెండు వేరు మాటల్లో పెట్టి, ఒకటి స్వతః, ఒకటి పుంయోగే అని చీటీ అంటించి మరీ మన చేతికిచ్చాడు. మనమేమో ఆ చీటీలు చింపి పారవేసి, పెళ్లయిందా లేదా అని తెలిస్తేగాని ఉద్యోగినికి ఉత్తరం రాయలేని స్థితికి వచ్చాము. ఈ కొలతతో చూస్తే శ్రీమతి నిస్సందేహంగా స్వతః అనే అరలోని మాట. దానిని తెచ్చి పుంయోగం అరలో పెట్టుకున్నది వాడుకే తప్ప వ్యాకరణం కాదు.

తెలుగులోనూ ఈ రెండు అరలు ఉన్నాయి. స్వామిని అనే సంస్కృత పదం అరిగి అరిగి మనకు ‘సాని’ అయింది. దొరసాని దొర భార్య, కాబట్టి పుంయోగం. మంత్రసాని మాత్రం ఎవరి భార్య కావడంవల్లనూ మంత్రసాని కాలేదు; పురుడు పోసే నేర్పు ఆవిడ సొంతం. డాక్టరమ్మ, పంతులమ్మ కూడా అలాంటివే. మన పల్లెలు ఏ సూత్రమూ చదవకుండానే ఈ తేడా పాటించాయి. ఒకప్పుడు గొప్పింటి స్త్రీల పేర్ల చివర గౌరవంగా నిలిచిన ఆ సాని చివరికి ఎంత దిగజారిందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇంగ్లీషువారి మిస్ట్రెస్‌కూ ఇదే గతి పట్టింది. పెళ్లయినా కాకపోయినా ఇంటి యజమానురాలికి గౌరవంగా వాడిన ఆ ఒక్క మాట నుంచే మిసెస్, మిస్ అని రెండు ముక్కలు పుట్టాయి, అసలు మాట చెడ్డదైపోయింది. ఆ రెండు ముక్కల మధ్య ఇరుక్కున్నవారి కోసం 1901లో అమెరికాలో ఒక పత్రిక ‘మిజ్’ అనే మాటను సూచించింది. అది జనం నోట నిలవడానికి డెబ్బై ఏళ్లు పట్టింది. ఫ్రాన్సు ప్రభుత్వం 2012లో తన పత్రాల నుంచి పెళ్లికాని స్త్రీకి వాడే ‘మద్‌మొజెల్’ను తొలగించింది. నాకు తోచినంతలో మన శ్రీమతి, కుమారి అనే జంట ఆ మిసెస్, మిస్ గళ్లను పూరించడానికి తెచ్చిపెట్టుకున్నదే. ‘శ్రీమతి మరియు శ్రీ’ అని అచ్చయిన శుభలేఖలు అందుకుంటుంటే ఆ అనుమానం బలపడుతోంది. ఆ ‘మరియు’ మీద కోపం మరొకసారి తీర్చుకుంటాను.

కుమారి మాట. ‘వయసి ప్రథమే’ అన్న సూత్రంవల్ల అది తొలి వయసును చెప్పే పదం, కిశోరి వంటిది. అయితే మాట వయసును వదిలి అవివాహత్వాన్ని పట్టుకోవడం కొత్త కాదు. పతంజలి కాలానికే వృద్ధకుమారి ఉంది. ఇంద్రుడు ఆవిడను ఒక్క వరం కోరుకోమన్నాడు. ‘నా కొడుకులు కంచుపాత్రలో పాలూ నెయ్యీ దండిగా పోసిన అన్నం తినాలి’ అన్నదట. ఆవిడకు అప్పటికి మొగుడే లేడు. ఆ ఒక్క వాక్యంతో మొగుణ్ణీ, కొడుకులనూ, పాడినీ, పంటనూ మూటకట్టుకుంది. అంత తెలివైన స్త్రీని ఉదాహరణగా పెట్టుకొని కూడా భాష ఆవిడను వృద్ధకుమారి అనే పిలిచింది. కాబట్టి మీ సహోద్యోగిని చిరాకు న్యాయమైనదే. యాభై ఏళ్ల అధికారిణిని తొలి వయసు మాటతో పిలవడం వ్యాకరణరీత్యా తప్పు, వాడుకరీత్యా ఒప్పు, మర్యాదరీత్యా ఏమిటో వారే చెప్పాలి.

ఇక శ్రీ మగవారి సొత్తు అన్న మీ తోటివారి నవ్వు సంగతి. శ్రీ శబ్దం స్త్రీలింగం. అది లక్ష్మీదేవి పేరు. మార్గశిర గురువారంనాడు బురుజుపేటకు పోయి, శ్రీ కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి బారులు తీరినవారిలో ఎవరినైనా, ముందు శ్రీ ఉంది గనుక అమ్మవారు పురుషుడా అని అడిగి చూడమనండి. ఆడపేరును మగవారికి ముందు తగిలించి, ఆడవారికి మాత్రం మతుప్ చేర్చి ఇవ్వడం మన కాలపు వింత. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి ఉత్తరాల్లో మగవారు మ.రా.రా.శ్రీ, అంటే మహారాజరాజశ్రీ. దాంట్లోంచి రాజులందరూ పోయి శ్రీ ఒక్కటే మిగిలింది. శ్రీ అంటే మనవారికి ఎంత వెర్రి అంటే, అవసరం లేనిచోట కూడా దూర్చుతారు. ఈమధ్య సీతమ్మధార దారిలో ఒక ఫ్లెక్సీ మీద ‘శ్రీమంతం’ వేడుకకు ఆహ్వానం చూశాను. పాపం, ఆ గర్భిణికి జరిగేది సీమంతం. సీమ, అంతం కలిసి, తల పాపిడి అనే అర్థంలో మాత్రమే సీమంతం అవుతుంది; పాపిడి తీసే సంస్కారం గనుక ఆ పేరు. దాంట్లో శ్రీ లేదు, మంతం లేదు.

సుశ్రీ విషయం. మంచి శ్రీ గలది అని బహువ్రీహి చేస్తే శబ్దం దోషం లేనిదే. మన ఊళ్లో కేంద్ర కార్యాలయాల త్రిభాషా ఫలకాలు చూసి మీకు ఆ ఆలోచన వచ్చి ఉంటుంది. కాని తెలుగు చెవికి అది గౌరవవాచకంగా కాక ఎవరో అమ్మాయి పేరులా వినబడుతుంది. అర్థం వెంటనే తోచని మాటలు కూర్చిన కావ్యాన్ని మొల్ల ‘మూగచెవిటివారి ముచ్చట’ అన్నది. సుశ్రీ ఆ ముచ్చటే అవుతుందని నా భయం. అన్నట్టు ఆ మొల్ల కూడా తన గ్రంథంలో తండ్రి కేసన పేరూ తన పేరూ చెప్పుకొని ఊరుకుంది. కుమారి మొల్ల, శ్రీమతి మొల్ల అని ఆవిడ గురించి ఎవరూ తగవులాడినట్టు లేదు.

మరి మీ పలక మీద ఏమి ఉండాలి? తన పేరుకు తాను గౌరవవాచకం పెట్టుకోవడం మన మర్యాద కాదు. గారు అనే మాటకు లింగభేదమూ లేదు, పెళ్లి ప్రసక్తీ లేదు. అది మనకున్న మాటల్లోకెల్లా న్యాయమైనదే, కాని అది ఇతరులు అనవలసినది, మనం అనుకోవలసినది కాదు. ఆ లెక్కన మీరు సంతకం చేసేచోట పేరు, హోదా చాలు. పలక మాత్రం మీరు వేయించుకునేది కాదు, కార్యాలయం వేయించేది గనుక శ్రీ ఉంచమని మీరు కోరవచ్చు. వ్యాకరణం మీ పక్షాన ఉంటుంది. శ్రీమతి అని వేసినా తప్పు పట్టలేను. మీ సహోద్యోగినికి కూడా అదే వేస్తే మరీ సంతోషిస్తాను. అయితే ‘మా శ్రీమతి’ అని భార్యను చెప్పుకునే మగవారు ఊరినిండా ఉన్నంతకాలం ఆ మాట చదివినవారు మీ భర్త ఎవరని వెతకరని నేను పూచీపడలేను. భర్తను ‘మా శ్రీవారు’ అనే ఇల్లాండ్రూ ఉన్నారు గాని, ఆ మాటను ఏ ఉద్యోగి పలక మీదా ఎక్కించలేదు.

ఏది ఎంచుకున్నా పలక రాసేవారికి రెండు మాటలు గట్టిగా చెప్పండి. హిందీ పంక్తిని చూసి తెలుగులో ‘శ్రీమతీ’ అని దీర్ఘం లాగవద్దు. నదీ మనకు నది అయినట్లే శ్రీమతీ శ్రీమతి అయింది, శ్రీ వంటి ఏకాక్షర పదాలకే ఆ దీర్ఘం నిలుస్తుంది. శ్రీ పక్కన చుక్క పెట్టవద్దు. అది దేనికీ పొట్టిరూపం కాదు.