సలహా మండలిలో పెద్ద పేర్లు ఉంటే చాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఎకనామిక్స్‌లో పీజీ పూర్తి చేసింది. ప్రభుత్వ విధానాల మీద పరిశోధన చేసే రెండు థింక్ ట్యాంకుల నుంచి రీసెర్చ్ అసోసియేట్ ఉద్యోగానికి పిలుపు వచ్చింది. మొదటి సంస్థ సలహా మండలిలో మాజీ మంత్రి, రిటైరైన ఉన్నతాధికారులు, పేరున్న ప్రొఫెసర్లు కలిసి పదిహేను మంది ఉన్నారు. రెండో దాంట్లో ఐదుగురే. వాళ్ల పేర్లు మేమెప్పుడూ వినలేదు. అంత పెద్దవాళ్ల దగ్గర పని నేర్చుకోవచ్చు కదా అని మాకు మొదటిదే నచ్చింది. అమ్మాయి మాత్రం ఎటూ తేల్చుకోలేక టెన్షన్ పడుతోంది. ఎప్పటికైనా తనూ అలాంటి సలహాదారు కావాలని దాని కోరిక. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ‘అంత పెద్దవాళ్ల దగ్గర పని నేర్చుకోవచ్చు’ అన్నారు చూడండి, నేను అక్కడే ఆగిపోయాను. మీ అమ్మాయి ఆ పదిహేను మంది దగ్గర పనిచేయదు. వాళ్లలో ఒక్కరినీ చూడకుండానే మొదటి ఏడాది గడిచిపోయినా ఆశ్చర్యం లేదు. తన పని చూసేది, తప్పులు దిద్దేది, రేపు సిఫారసు లేఖ రాసేది తను చేరే విభాగాన్ని నడిపే సీనియర్ ఫెలో, అంటే అనుభవమున్న పరిశోధకులు. ఆ వ్యక్తి ఎవరో మీ ఉత్తరంలో లేదు. ముందు అది కనుక్కోవాలి.

థింక్ ట్యాంకులో పెద్దలంటే అందరూ ఒకటి కాదు. ట్రస్టీలు లేదా పాలకమండలి సంస్థకు చట్టప్రకారం బాధ్యులు. లెక్కలు ఆమోదించేది, డైరెక్టర్‌ను పెట్టేది, తీసేసేది వాళ్లే. సలహా మండలికి మామూలుగా ఆ అధికారం ఉండదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు కూర్చుంటారు, అభిప్రాయం చెబుతారు, అంతవరకే. వినడం, వినకపోవడం డైరెక్టర్ ఇష్టం. చాలామంది జీతం తీసుకోకుండానే ఈ పని చేస్తారు. కాబట్టి పేరు ఇచ్చి ఊరుకునే వాళ్లూ ఉంటారు, నిజంగా మనసు పెట్టి చేసేవాళ్లూ ఉంటారు. బయటి నుంచి చూస్తే ఈ రెండు రకాల మండళ్లూ ఒకేలా కనిపిస్తాయి.

నిజంగా పనిచేసే సలహాదారు విలువ ఎంతో ఒక ఉదాహరణతో చెబుతాను. పిల్లలు బడి మానేయడం మీద ఒక అధ్యయనం జరుగుతోందనుకుందాం. కుర్ర పరిశోధకులు హాజరు లెక్కలు తెచ్చి, చక్కగా విశ్లేషించి, ముసాయిదా రాశారు. ఆ శాఖలో పాతికేళ్లు పనిచేసిన సలహాదారు దాన్ని చదివి, ‘ఈ అంకెలు పంపేవాళ్లకి హాజరు ఎక్కువ చూపిస్తేనే నిధులు వస్తాయి. వీటిని పరీక్షల్లో కూర్చున్న పిల్లల సంఖ్యతో పోల్చి చూశారా?’ అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నతో నివేదిక మొత్తం మారిపోతుంది. ఏ కోర్సులోనూ దొరకని జ్ఞానం ఇది. ఏ ప్రశ్న మీద రెండేళ్లు ఖర్చు పెట్టాలి, ఏది ఇప్పటికే తేలిపోయింది, ఏ సిఫారసు కాగితం మీద బాగుండి ఆఫీసులో అమలు కాదు అని చెప్పగలిగేది ఇలాంటివాళ్లే. అలాంటి ఒక్కరు దొరికినా మీ అమ్మాయి అదృష్టవంతురాలే.

అయితే పేరున్న థింక్ ట్యాంకులు కూడా నాణ్యతను సలహాదారుల ప్రతిష్ఠకే వదిలేయవు. అమెరికాలో 1948లో స్వతంత్ర సంస్థగా ఏర్పడిన ర్యాండ్ కార్పొరేషన్‌లో నివేదిక బయటికి వెళ్లేముందు ఆ ప్రాజెక్టుతో సంబంధం లేని నిపుణులు దాన్ని పరీక్షిస్తారు. లండన్‌లోని చాథమ్ హౌస్ 1920 నుంచి నడుస్తోంది. ఒక పార్టీ వైపు మొగ్గిందన్న మాట రాకుండా వేర్వేరు పార్టీల పెద్దలను గౌరవాధ్యక్షుల స్థానంలో ఉంచుకుంటూ వచ్చింది. సమావేశంలో విన్న విషయాన్ని వాడుకోవచ్చు గానీ ఎవరు అన్నారో బయటపెట్టకూడదన్న నియమాన్ని 1927లో పెట్టింది కూడా వాళ్లే. పదవిలో ఉన్నవాళ్లు నోరు విప్పాలంటే అలాంటి భరోసా కావాలి.

ఇంకో సంగతి కూడా మీకు చెప్పాలి. పెద్ద పేరు వెనకాల స్వప్రయోజనం ఉండే అవకాశమూ ఉంది. నిన్నటిదాకా ఒక శాఖను నడిపిన అధికారి ఇవాళ అదే రంగంలోని కంపెనీ బోర్డులో ఉండి, థింక్ ట్యాంకుకు కూడా సలహా ఇస్తుంటే, ఆ సలహా ఎవరి కోసమో అడిగే హక్కు చదివేవాళ్లకుంది. విదేశీ ప్రభుత్వాల డబ్బు వాషింగ్టన్‌లోని పేరున్న థింక్ ట్యాంకుల్లోకి ఎలా వస్తోందో 2014లో న్యూయార్క్ టైమ్స్ వివరంగా రాసింది. నిధుల వివరాలు ఎంత దాపరికం లేకుండా చెబుతున్నారో చూసి థింక్ ట్యాంకులకు ఐదు నక్షత్రాల దాకా రేటింగ్ ఇచ్చే పనిని ట్రాన్స్‌పేరిఫై అనే సంస్థ కూడా ఆ ఏడాదే మొదలుపెట్టింది. రెండు సంస్థల వార్షిక నివేదికలూ తీసి, డబ్బు ఎవరిస్తున్నారో, ఆ దాతల్లో ఎవరికైనా సలహాదారులతో సంబంధం ఉందో మీ అమ్మాయిని చూడమనండి. సంబంధం ఉన్నంత మాత్రాన తప్పేమీ కాదు. దాన్ని దాచిపెడితేనే అనుమానించాలి.

ఇప్పుడు ఎంపిక సంగతి. ఇంటర్వ్యూలో అభ్యర్థి కూడా ప్రశ్నలు అడగొచ్చు. ‘పోయిన ఏడాది సలహా మండలి చెప్పిందాన్ని బట్టి మీ పనిలో ఏం మార్చుకున్నారు?’ అని అడగమనండి. నా దృష్టిలో ఇంతకన్నా మంచి ప్రశ్న లేదు. మండలి పనిచేస్తుంటే అవతలి మనిషి వెంటనే ఒక సంఘటన చెబుతారు. లేకపోతే మళ్లీ పేర్లే చదువుతారు. అలాగే రెండు సంస్థల నివేదికలూ రెండేసి తెరిచి, కృతజ్ఞతలు చెప్పిన పేజీ చూడమనండి. ముసాయిదా చదివి సరిచేసినవాళ్ల పేర్లు అక్కడ ఉంటాయి. ఆ పదిహేను మందిలో ఒక్కరి పేరూ అక్కడ లేకుండా, రెండో సంస్థలోని ఐదుగురూ మళ్లీ మళ్లీ కనిపిస్తుంటే, నేనైతే రెండోదానికే వెళ్లమంటాను. మీరు వినని పేర్లంటే గొప్పవి కావని కాదు. ఈ రంగంలో గట్టివాళ్లు చాలామంది టీవీలో కనిపించరు. కుర్ర పరిశోధకుల పేరు నివేదిక మీద రచయితగా వేస్తారా లేదా అన్నది కూడా అక్కడే చూడొచ్చు. ఇది చిన్న విషయం అనుకోకండి. రెండేళ్ల తర్వాత పీహెచ్‌డీకి గానీ, మరో ఉద్యోగానికి గానీ చూపించుకోవడానికి తన చేతిలో ఉండేది ఆ పేరే.

ఇక సలహాదారు కావాలన్న కోరిక. చాలా మంచి కోరిక, కానీ అది దరఖాస్తు పెట్టి తెచ్చుకునే ఉద్యోగం కాదు, ఎవరో వచ్చి పిలవాలి. పదిహేను ఇరవయ్యేళ్లు ఒకే రంగాన్ని, నీటిపారుదల కానీ, ప్రజారోగ్యం కానీ, పన్నులు కానీ, వదలకుండా పట్టుకున్నవాళ్లకే ఆ పిలుపు వస్తుంది. మొదటి రెండేళ్లు స్టాటిస్టిక్స్, బడ్జెట్ పత్రాలు చదవడం, నాలుగు పేజీల్లో ఒక విషయాన్ని మంత్రికి కూడా అర్థమయ్యేలా రాయడం, వీటి మీద పెట్టమనండి. ఆ తర్వాత కొన్నాళ్లు ప్రభుత్వ విభాగంలోనో, క్షేత్రస్థాయి సంస్థలోనో పనిచేయడం తప్పనిసరి అని నా అభిప్రాయం. హాజరు అంకెల గుట్టు చెప్పిన సలహాదారుకి ఆ సంగతి తెలిసింది ఆఫీసులో ఫైళ్ల మధ్య కూర్చున్న ఏళ్లలోనే కదా.

రెండు చోట్లా ఉద్యోగం ఇస్తామంటే, జవాబు ఇవ్వడానికి రెండు సంస్థలనూ ఒక వారం గడువు అడగండి, మామూలుగా ఇస్తారు. ఆ వారంలో మొదటి సంస్థలో ఇప్పుడు పనిచేస్తున్న రీసెర్చ్ అసోసియేట్ ఒకరితో అమ్మాయి ఫోన్‌లో మాట్లాడితే మంచిది. సలహాదారుల్లో ఎవరితోనైనా ఆ అసోసియేట్ స్వయంగా మాట్లాడారా, ఎప్పుడు, దేని గురించి అని అడగమనండి. అక్కడ ఏం చెప్పారో నాకు మళ్లీ రాయండి, అప్పుడు ఇంకా వివరంగా మాట్లాడుకుందాం.