మౌంజారో మొదలుపెట్టాక అమ్మ పాత మందులు అలాగే కొనసాగించవచ్చా?

ప్రశ్న: "మా అమ్మకు 52 ఏళ్లు, గుంటూరులో ఉంటుంది. ఎత్తు 158 సెం.మీ., బరువు 88 కిలోలు. తొమ్మిదేళ్లుగా షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 8.1. బీపీ, థైరాయిడ్ ఉన్నాయి. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 2 వచ్చింది. రాత్రి గట్టిగా గురక పెడుతుంది, పగలు కూర్చున్నచోటే నిద్రపోతుంది. గ్లిమెపిరైడ్ 2, మెట్‌ఫార్మిన్ 500 కలిసిన బిళ్ల రెండు పూటలా, మధ్యాహ్నం విల్డాగ్లిప్టిన్ 50, పొద్దున టెల్మిసార్టన్ 40తో క్లోర్‌థాలిడోన్ 12.5, పరగడుపున థైరాక్సిన్ 75 వాడుతోంది. డాక్టరుగారు వారానికోసారి వేసే మౌంజారో రాశారు. మిగతా మందుల సంగతి ఏమీ చెప్పలేదు. అన్నీ అలాగే వేసుకోవచ్చా?"

అలాగే కుదరదండీ. ఇంజెక్షన్ మంచి నిర్ణయమే. ఆవిడ బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే లెక్క) 35 దాటింది, మీరు చెప్పిన జబ్బుల్లో థైరాయిడ్ తప్ప అన్నిటికీ బరువుతో నేరుగా సంబంధం ఉంది. కానీ ఇప్పుడున్న చీటీ 88 కిలోలుండి, మూడు పూటలా కడుపునిండా తినే మనిషికి రాసింది. టిర్జెపటైడ్ (మౌంజారోలో ఉన్న మందు ఇదే) ఆకలిని తగ్గిస్తుంది, కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తుంది, షుగర్‌నీ దించుతుంది. తిండి సగమై, పాత మందులు మాత్రం పూర్తి డోసులో పడుతుంటే రెండు మూడు వారాల్లోనే చిక్కులు మొదలవుతాయి. కాబట్టి మొదటి డోసుకు ముందే ఇంకోసారి డాక్టర్ దగ్గర కూర్చుని చీటీ మొత్తం తిరగరాయించండి. మీ అంతట మీరు మార్చవద్దు. ఏం అడగాలో మాత్రం కింద వివరంగా చెబుతాను.

అన్నిటికంటే ముందు చూడాల్సింది గ్లిమెపిరైడ్. షుగర్ ఎంత ఉందో చూడకుండా ఇన్సులిన్‌ను బయటికి నెట్టే మందు ఇది. మౌంజారో ఒక్కటే అయితే షుగర్ మరీ పడిపోవడం అరుదు, గ్లిమెపిరైడ్ తోడైతే ఆ ప్రమాదం బాగా పెరుగుతుంది. ఇళ్లలో జరిగేది ఇలా ఉంటుంది: పొద్దున ఎనిమిదింటికి అలవాటుగా బిళ్ల మింగేస్తారు. నాలుగు ఇడ్లీలు తినే మనిషి ఒకటి తిని, "ఇక పోవట్లేదు" అని ప్లేటు పక్కన పెడతారు. పదకొండుకల్లా చెమటలు, చేతుల్లో వణుకు, గుండెదడ. శనివారం ఒంటిపూట ఉండే అలవాటుంటే ఇంకా ప్రమాదం. అందుకే ఇంజెక్షన్ మొదలైన రోజునుంచే గ్లిమెపిరైడ్‌ను సగానికి తగ్గించడమో, పూర్తిగా ఆపడమో చేస్తారు. హెచ్‌బీఏ1సీ 8.1 కాబట్టి బహుశా ముందు సగం చేసి, ఇంట్లో చూసే రీడింగుల్ని బట్టి తర్వాత తీసేస్తారు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటొకటి ఉంది. సగం వేసుకోమన్నారు కదా అని ఉన్న బిళ్లనే కత్తితో రెండు ముక్కలు చేస్తారు. ఈ జంట బిళ్లల్లో మెట్‌ఫార్మిన్ ఎక్కువగా నెమ్మదిగా విడుదలయ్యే రకం. స్ట్రిప్ మీద ఎస్ఆర్, ఈఆర్, పీఆర్ లాంటి అక్షరాలుంటే అదే అర్థం. దాన్ని విరిస్తే మెట్‌ఫార్మిన్ ఒక్కసారిగా వదులై కడుపులో వికారం పెరుగుతుంది, పైగా తగ్గించనక్కరలేని మెట్‌ఫార్మిన్ కూడా సగమైపోతుంది. గ్లిమెపిరైడ్ 1 విడిగా, మెట్‌ఫార్మిన్ 500 విడిగా రాయించుకోండి. అప్పుడు ఒకదాన్ని ఆపినా రెండోది కదలదు.

మెట్‌ఫార్మిన్ కొనసాగుతుంది, తిన్న తర్వాతే వేసుకోవాలి. విల్డాగ్లిప్టిన్ మాత్రం ఇక అక్కర్లేదు. ఒంట్లో సహజంగా ఊరే, షుగర్‌ను దించే జీఎల్‌పీ-1 హార్మోను త్వరగా విరిగిపోకుండా కాపాడటమే దాని పని. ఇంజెక్షన్ అదే దారిలో దానికంటే ఎంతో గట్టిగా పనిచేస్తుంది కాబట్టి రెండూ కలిపితే అదనపు లాభం ఉండదు, ఖర్చే. సిటాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్‌లదీ ఇదే సంగతి.

మొదటి రెండు నెలలు గ్లూకోమీటరుతో పరగడుపున ఒకసారి, మధ్యాహ్నం భోజనానికి ముందు ఒకసారి చూసి రాయండి. 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి. బిస్కెట్లు, చాక్లెట్ ఇవ్వకండి, కడుపు నెమ్మదిగా కదులుతున్నప్పుడు అవి రక్తంలోకి చేరేసరికి ఆలస్యమవుతుంది. గ్లిమెపిరైడ్ ప్రభావం రోజంతా ఉంటుంది. ఒకసారి సర్దుకుంది కదా అని వదిలేయకుండా ఏదైనా తినిపించి, ఆ రోజంతా గమనించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.

బీపీ మందు వెంటనే మార్చనక్కరలేదు, కానీ బరువు తగ్గేకొద్దీ బీపీ కూడా దిగుతుంది. తిండితోపాటు ఊరగాయ, ఉప్పు కూడా తగ్గుతాయి, ఆ లెక్కా కలుస్తుంది. వారానికి రెండుసార్లు ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చూడండి, తర్వాత లేచి నిలబడ్డ ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. నిలబడ్డప్పుడు పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే, లేదా లేవగానే కళ్లు తిరుగుతున్నాయంటే డాక్టరుకు చెప్పాలి. సాధారణంగా ముందు తీసేది క్లోర్‌థాలిడోన్. అది నీటిని బయటికి పంపే మందు, ఇప్పుడు ఆవిడ తాగే నీళ్లే తగ్గుతాయి. మూత్రంలో ప్రొటీన్ పోతుంటే టెల్మిసార్టన్‌ను కిడ్నీల కోసం ఉంచుతారు.

వాంతులో విరేచనాలో పట్టుకుంటే ఏం ఆపాలో ముందే రాయించి పెట్టుకోండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు టెల్మిసార్టన్, క్లోర్‌థాలిడోన్ కలిసి కిడ్నీని దెబ్బతీస్తాయి, మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుంటుంది. ఈ మూడింటినీ మామూలుగా తిని తాగగలిగేదాకా, అంటే ఒకటి రెండు రోజులు ఆపమని డాక్టర్లు చెబుతారు. షుగర్ ఉంది కదా అని ఓఆర్ఎస్ మానకండి, ఆ సమయంలో అది అవసరం. నీళ్లు కూడా నిలవకపోతే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించాల్సిందే.

థైరాయిడ్ గురించి ఒక భయం బాగా తిరుగుతోంది, "థైరాయిడ్ ఉన్నవాళ్లకు ఈ ఇంజెక్షన్ వద్దు" అని. హెచ్చరిక ఉన్నది మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ తనకు గానీ రక్తసంబంధీకులకు గానీ వచ్చినవాళ్లకు, మెన్-2 అనే జన్యు సమస్య ఉన్నవాళ్లకు. మీ అమ్మగారిలా థైరాక్సిన్ వాడే మామూలు హైపోథైరాయిడ్‌కు అడ్డేమీ లేదు. బరువు బాగా తగ్గితే 75 డోసు ఎక్కువ కావచ్చు, అందుకని మూడు నెలలకోసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చూడాలి. పాంక్రియాటైటిస్ (క్లోమగ్రంథి వాపు) గతంలో వచ్చి ఉంటే మాత్రం తప్పక చెప్పండి. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) 500 దాటి ఉంటే ముందు వాటిని దించాలి.

మొదలుపెట్టే ముందు కంటి పరీక్ష తప్పనిసరి అని నా గట్టి అభిప్రాయం. తొమ్మిదేళ్ల షుగర్‌కు రెటీనా (కంటి లోపలి పొర) దెబ్బతిని ఉండొచ్చు, చూపు బాగానే ఉన్నా సరే. షుగర్ చాలా వేగంగా దిగితే ఉన్న రెటినోపతీ (ఆ రెటీనా జబ్బు) కొంతమందిలో ముదురుతుంది. అద్దాల షాపులో చేసే పరీక్ష చాలదు, చుక్కల మందు వేసి పాప పెద్దది చేసి చూసే పరీక్ష చేయించండి.

ఫ్యాటీ లివర్‌కు వస్తే, గ్రేడ్ 2 అనేది కొవ్వు ఎంతుందో చెబుతుంది, లివర్ గట్టిపడిందో లేదో చెప్పదు. దానికి ఫిబ్-4 లెక్క ఉంది, అందులో వాడే ఏఎస్‌టీ, ఏఎల్‌టీ లివర్ రక్తపరీక్షలో వచ్చే అంకెలు: వయసును ఏఎస్‌టీతో గుణించి, దాన్ని ప్లేట్‌లెట్ల సంఖ్య, ఏఎల్‌టీ వర్గమూలం రెండింటి లబ్ధంతో భాగించాలి. ఉదాహరణకు 52 ఏళ్లకు ఏఎస్‌టీ 48, ఏఎల్‌టీ 60, ప్లేట్‌లెట్లు 2.1 లక్షలు (లెక్కలో 210 అని వేయాలి) ఉంటే సుమారు 1.5 వస్తుంది. 1.3 లోపు అయితే నిశ్చింత, 2.67 దాటితే లివర్ డాక్టర్ దగ్గరికి, మధ్యలో అయితే ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్). ఒంటి బరువులో 5 శాతం తగ్గితే లివర్ కొవ్వు తగ్గడం మొదలవుతుంది. మచ్చ కట్టిన భాగం మెరుగుపడాలంటే 10 శాతం దాకా తగ్గాలి, అంటే ఆవిడకు దాదాపు 9 కిలోలు.

గురకతోపాటు పగటి నిద్ర కూడా ఉందంటే స్లీప్ ఆప్నియా (నిద్రలో శ్వాస ఆగిపోతుండటం) అనుమానించాలి. ఇంట్లోనే చేసే స్లీప్ టెస్టులూ ఉన్నాయి. గంటకు 15కు మించి శ్వాస ఆగడమో తగ్గడమో ఉంటే సీప్యాప్ మిషన్ (నిద్రలో మాస్కు ద్వారా గాలి పంపేది) చెబుతారు. బరువు తగ్గాక గురక తగ్గిందని మిషన్ మీరే అటక ఎక్కించకండి, గురక లేకపోయినా శ్వాస ఆగుతూ ఉండొచ్చు. మళ్లీ టెస్టు చేశాకే ఆ నిర్ణయం తీసుకోవాలి.

ఇంజెక్షన్ సంగతి. 2.5 మి.గ్రా. నాలుగు వారాలు, తర్వాత 5. ఆపైన ప్రతి 2.5 పెంపుకూ కనీసం నాలుగు వారాల వ్యవధి, గరిష్ఠం 15. 5 మీదే బరువు, షుగర్ దిగుతుంటే పెంచాల్సిన పనిలేదు. వికారం ఎక్కువగా ఉంటే అదే డోసులో ఇంకో నెల ఉండటం మంచిది. బొడ్డుకు రెండంగుళాలు వదిలి పొట్టమీద గానీ, తొడమీద గానీ, ప్రతివారం చోటు మార్చి వేయాలి. ఒక వారం మరిస్తే నాలుగు రోజుల్లోపు గుర్తొస్తే వేసుకోండి, దాటితే వదిలేసి మామూలు రోజునే వేయండి. పెన్ను అయితే వాడిన వెంటనే సూది తీసేయాలి, ప్రతిసారీ కొత్త సూది. వయల్ (చిన్న మందు సీసా) అయితే మందు 0.5 మి.లీ. ఉంటుంది. ఇన్సులిన్ సిరంజితో తీసేటప్పుడు ఎర్ర మూత ఉన్న 40 యూనిట్ల రకంలో అది 20 గీత, నారింజ మూత ఉన్న 100 యూనిట్ల రకంలో 50 గీత. డబ్బు కలిసొస్తుందని పెద్ద డోసు వయల్‌ను రెండు వారాలకు పంచడం వద్దు. అందులో క్రిములు పెరగకుండా కలిపే పదార్థం లేదు, ఒక్కసారి వాడి పారేయడానికే తయారుచేశారు. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, ఫ్రీజర్ పక్కన వద్దు. గడ్డకడితే పనికిరాదు. గుంటూరు ఎండల్లో ఐస్ ప్యాక్ లేకుండా ఇంటికి డెలివరీ ఇస్తే తీసుకోకండి.

షుగర్ ఉన్నవాళ్లలో బరువు కాస్త తక్కువే తగ్గుతుంది. ట్రయల్స్‌లో 72 వారాలకు 10, 15 మి.గ్రా. డోసులతో సగటున 13 నుంచి 15 శాతం తగ్గారు. ఆవిడకు అది 11 నుంచి 13 కిలోలు. తగ్గే బరువులో కొవ్వుతోపాటు కండ కూడా ఉంటుంది, మోకాళ్ల నొప్పులు వచ్చే వయసులో అది పెద్ద నష్టం. రోజుకు 65–70 గ్రాముల ప్రొటీన్ లక్ష్యంగా పెట్టండి, క్రియాటినిన్ ఎక్కువగా ఉంటే డాక్టర్ని అడిగాక. రెండు గుడ్లలో 12, యాభై గ్రాముల పెసలతో వేసిన పెసరట్టులో 12, ముప్ఫై గ్రాముల మీల్‌మేకర్‌లో 15, వంద గ్రాముల చేపలో 18 దాకా ఉంటాయి. పప్పు, పెరుగు, శనగలు మిగతాది సర్దుతాయి. ప్లేటులో ముందు కూర, పప్పు, గుడ్డు తినాలి, అన్నం చివర. అన్నంతో మొదలుపెడితే నాలుగు ముద్దలకే కడుపు నిండి ప్రొటీన్ మిగిలిపోతుంది. దాంతోపాటు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, పదేసి చొప్పున మూడుసార్లు. నడక ఒక్కటే కండను కాపాడలేదు.

ఇంజెక్షన్ తర్వాతి రెండు రోజులు పునుగులు, బజ్జీలు, నూనె తేలే వేపుళ్లు మానితే వికారం, కుళ్లిన గుడ్డు వాసన తేన్పులు చాలావరకు తగ్గుతాయి. మలబద్ధకానికి ఇసబ్‌గోల్, నీళ్లు. వీపులోకి పాకే తీవ్రమైన పైకడుపు నొప్పి వస్తే మాత్రం గ్యాస్ బిళ్లతో సరిపెట్టకుండా ఆస్పత్రికి వెళ్లి లైపేజ్ (క్లోమగ్రంథి రక్తపరీక్ష) చూపించాలి. కుడి డొక్కలో నొప్పి, జ్వరం, కళ్లు పచ్చబడటం పిత్తాశయంలో రాళ్ల గుర్తులు. ఏదైనా ఆపరేషన్ ఉంటే ఈ మందు వాడుతున్నట్టు మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి.

ఖర్చు ఇప్పుడే ఆలోచించాలి. 2025 మార్చిలో వచ్చినప్పుడు 2.5 మి.గ్రా. వయల్ 3,500, 5 మి.గ్రా. 4,375 రూపాయలు, నెలకు నాలుగు. ఇదే కోవకు చెందిన మరో మందు సెమాగ్లుటైడ్ పేటెంట్ గడువు 2026 మార్చితో ముగియడంతో ఆ వైపు చవక రకాలకు దారి తెరుచుకుంది. అయితే రెండింటి డోసులు ఒకటి కావు, మారాలంటే డాక్టరే లెక్కకట్టాలి. ఆవిడ బీఎంఐకి, షుగర్‌కి బేరియాట్రిక్ సర్జరీ (బరువు తగ్గించే ఆపరేషన్) కూడా చర్చించదగ్గదే. బీఎంఐ 35 పైన ఉండి అదుపులో లేని షుగర్ ఉంటే ఆరోగ్య బీమాలో దానికి దారి ఉంది, మీ పాలసీ చూసుకోండి.

ఇంజెక్షన్ ఆపితే బరువు చాలావరకు తిరిగొస్తుంది. మందు ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి నెల పడుతుంది, అందుకే మొదటి వారాల్లో ఏమీ తేడా తెలియదు. ఆపిన రోజునుంచి మూడు నెలలు పరగడుపు షుగర్, బీపీ మళ్లీ రాయడం మొదలుపెట్టండి. తగ్గించిన గ్లిమెపిరైడ్, తీసేసిన క్లోర్‌థాలిడోన్ మళ్లీ కావాలో లేదో ఆ పుస్తకం చూసే డాక్టర్ నిర్ణయిస్తారు.