ఈనబోయే గుర్రానికి ఎంత డబ్బు పక్కన పెట్టాలి?

ప్రశ్న: మా గుర్రం ఇంకో రెండు నెలల్లో ఈనబోతోంది. పిల్లను మూడేళ్లు పెంచి, స్వారీకి అలవాటు చేసి అమ్మాలని ఆలోచన. నా పొదుపంతా ఒకే ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంది. పిల్ల కోసం నెలనెలా ఎంత పక్కన పెట్టాలి?

జవాబు: మీరు నెల లెక్క అడిగారు. నేను ముందు మొదటి రోజు లెక్క చెబుతాను. గుర్రప్పిల్ల విషయంలో చెయ్యి కాలేది ఎక్కువగా అక్కడే. పైగా గుర్రాలు ఎక్కువగా రాత్రిపూటే ఈనుతాయి.

పుట్టిన గంటలో పిల్ల లేచి నిలబడాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో తల్లికి మాయ పడిపోవాలి. వీటిలో ఏది ఆలస్యమైనా తెల్లవారేదాకా ఆగకుండా డాక్టర్‌కు ఫోన్ చేయండి. పిల్ల పుట్టేటప్పుడు దాని ఒంట్లో రోగాలను అడ్డుకునే శక్తి దాదాపు ఉండదు, అదంతా ముర్రుపాల నుంచే రావాలి. పేగులు దాన్ని బాగా పీల్చుకునేది మొదటి కొన్ని గంటల్లోనే. ఒక రోజు దాటితే ఎన్ని పాలు తాగినా ఆ లోటు తీరదు. అందుకే ఆ శక్తి పిల్ల రక్తంలోకి ఎంత చేరిందో చూసే ఐజీజీ అనే రక్తపరీక్షను 18 నుంచి 24 గంటల మధ్య చేయించండి. డెసిలీటర్‌కు 800 మిల్లీగ్రాములు దాటితే టెన్షన్ అక్కర్లేదు. 400 కూడా లేకపోతే సాధారణంగా ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, ఎక్కిస్తారు. ఆ పరీక్ష ఖర్చు దగ్గర వెనకాడకండి. దాన్ని మిగుల్చుకుని తర్వాత ఇన్ఫెక్షన్‌తో ఆస్పత్రి పాలైతే అసలు బిల్లు అప్పుడు మొదలవుతుంది.

కాబట్టి డిపాజిట్‌ను ఇప్పుడే రెండు ముక్కలు చేయండి. ప్లాస్మాకు, మూడు నాలుగు రోజుల ఆస్పత్రి వైద్యానికి ఎంతవుతుందో మీ డాక్టర్‌ను ఈ వారమే అడగండి. ఆ మొత్తం గానీ, మీ గుర్రానికి ఆరు నెలలకయ్యే ఖర్చు గానీ, ఏది ఎక్కువైతే అంత సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. ఇంటి అత్యవసర నిధి జోలికి పోవద్దు. చికిత్సకు ఎంతవరకు పెట్టగలరో కూడా ఇంట్లో ముందే మాట్లాడుకోండి. అర్ధరాత్రి కొట్టంలో నిలబడి తీసుకునే నిర్ణయం అప్పుల్లోకి లాగుతుంది.

ఇక నెల ఖర్చు. మొదట్లో పెరిగేది పిల్ల మేత కాదు, తల్లి మేత. పాలిచ్చే తొలి నెలల్లో దానికి మామూలు కన్నా దాదాపు రెట్టింపు శక్తి కావాలి. పిల్లకు రెండు మూడు నెలలప్పటి నుంచి నట్టల మందు, కొన్ని వారాలకోసారి గిట్టల పని ఉంటాయి. నాలుగు నుంచి ఆరు నెలలకు పాలు మాన్పించాక దాని మేత పద్దు వేరే రాయాలి. ఈనడానికి 4 నుంచి 6 వారాల ముందు తల్లికి టీకాలు వేయిస్తే ముర్రుపాల ద్వారా పిల్లకూ రక్షణ అందుతుంది. మీకు ఆ గడువు దగ్గర పడింది.

పైసా ఖర్చు లేకుండా తర్వాతి బిల్లులు తగ్గించే పని ఒకటుంది, పిల్లను మనిషి చేతికి అలవాటు చేయడం. రోజూ పది నిమిషాలు చాలు. ఒళ్లంతా నిమరండి, కాళ్లు ఒక్కొక్కటిగా ఎత్తి పట్టుకుని, అది గుంజుకోవడం మానాకే దించండి. నడిపించేటప్పుడు తలకు కట్టిన తాడు పట్టి లాగొద్దు. మెడకు దెబ్బ తగలొచ్చు, వెనక్కి విరుచుకుని పడిపోనూవచ్చు. ఒక చెయ్యి రొమ్ముకు, ఇంకో చెయ్యి పిరుదులకు ఆనించి, తల్లి వెనకే నడిపించండి. కాలు ఇవ్వని గుర్రానికైతే గిట్టలు చెక్కడానికి కూడా మత్తు ఇంజెక్షన్, ఇద్దరు మనుషులు కావాలి. అలాగని ముద్దు చేసి చేతులు కొరకనివ్వకండి. కరిచే గుర్రానికి మంచి బేరం రాదు.

లాభం సంగతి నిష్ఠూరంగానే చెబుతాను. మూడేళ్ల మేత, గిట్టలు, టీకాలు, శిక్షణ, మగపిల్లైతే విత్తులు తీయించే ఖర్చు, పైగా కోల్పోయే వడ్డీ, ఇవన్నీ కాగితం మీద కూడండి. పెట్టుబడంతా ఒకే ప్రాణి మీద, దానికి ఒక్క కడుపునొప్పి చాలు మీ లెక్క తారుమారు కావడానికి. నేనైతే దీన్ని ఇష్టానికి పెట్టే ఖర్చుగానే రాస్తాను. పాలు మాన్పించినప్పుడు ఒకసారి, ఏడాది నిండినప్పుడు ఒకసారి అమ్మకం ధర కనుక్కోండి. అప్పటికి వచ్చే ధర అప్పటిదాకా పెట్టిన ఖర్చును దాటితే అమ్మేయడానికి మొహమాటపడకండి.

బీమా తీసుకుంటే రెండు విషయాలు రాతపూర్వకంగా అడగండి: పిల్లకు ఎన్ని రోజుల వయసు నుంచి వర్తిస్తుంది, చనిపోతేనే ఇస్తారా, వైద్యానికి కూడా ఇస్తారా. పుట్టిన రోజు నుంచే వైద్య ఖర్చు ఇవ్వని పాలసీ అయితే, సేవింగ్స్ ఖాతాలో పెట్టమన్న డబ్బు ఒక్క రూపాయి కూడా తగ్గించవద్దు.