ఫుట్‌బాల్ 4-5-1 అమరికలో ఒంటరి స్ట్రైకర్ దగ్గర బంతి ఎందుకు నిలవడం లేదు?

4-5-1 అంటే నలుగురు డిఫెండర్లు, ఐదుగురు మిడ్‌ఫీల్డర్లు, ముందు ఒకే స్ట్రైకర్. మీ స్ట్రైకర్ బంతి అందుకున్న మరుక్షణమే కోల్పోతున్నాడంటే, లోపం బహుశా అతనిది కాదు. ఐదుగురు మిడ్‌ఫీల్డర్లూ సొంత పెనాల్టీ బాక్స్ అంచునే ఉండిపోతున్నారు.

1. బంతి ప్రత్యర్థుల వద్ద ఉన్నప్పుడు స్ట్రైకర్ దాని వెంట పరుగెత్తకుండా, వారి ఇద్దరు సెంటర్ బ్యాక్‌ల (డిఫెన్స్ మధ్యలో ఆడేవారి) మధ్య పాస్ దారిని మూసి, ఆటను ఒక పక్కకే నెట్టాలి.

2. చాలామంది మరిచేది ఇదే: బంతి మన వశమై, పొడవాటి పాస్ ఇంకా గాలిలో ఉండగానే, మధ్యనున్న ముగ్గురిలో ఒకరు స్ట్రైకర్‌కు సుమారు 10 గజాల దూరంలోకి చేరి, అతడు ఛాతీతో దింపే బంతికి ఎదురుగా ఉండాలి. పాస్ అందాక బయలుదేరితే ఆలస్యమైనట్టే. అప్పటికే ఇద్దరు డిఫెండర్లు అతణ్ణి చుట్టుముట్టి ఉంటారు.

3. అదే క్షణంలో వింగర్లిద్దరూ (రెండు అంచుల్లో ఆడే మిడ్‌ఫీల్డర్లు) ముందుకు కదిలితే అమరిక 4-3-3గా మారుతుంది. డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ (మధ్యనున్న ముగ్గురిలో డిఫెండర్ల ముందు ఆడేవాడు) మాత్రం కదలకూడదు.