పీహెచ్‌డీకి ముందే పెళ్లి సంబంధం వస్తే: పర్లాకిమిడి తల్లికి జవాబు

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా అమ్మాయి ఇక్కడే బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతోంది. ఎమ్మెస్సీ, ఆపైన పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఈలోగా టెక్కలి నుంచి సంబంధం వచ్చింది. పరిశోధన అంటూ కూర్చుంటే ముప్పై ఏళ్లు వచ్చేస్తాయని, బీఎడ్ చదివించి పెళ్లి చేసేయమని మా వదినగారు అంటున్నారు. ఆడపిల్లలు ఆ రంగంలో నిలవగలరా?

జవాబు: అమ్మా, చదువులో ఆడపిల్లలు ఎన్నడో నిలిచారు. 2020-21 ఉన్నత విద్యా సర్వే లెక్కలలో, దేశవ్యాప్తంగా సైన్సు చదువుతున్న అమ్మాయిలు 29.5 లక్షల మంది కాగా అబ్బాయిలు 27.7 లక్షల మంది. అదే పరిశోధన ఉద్యోగాలలోకి వచ్చేసరికి మన దేశంలో ఆడవారు అయిదో వంతు కూడా కనిపించరు. ఎమ్మెస్సీ పూర్తయిన నాటి నుంచి ఉద్యోగంలో కుదురుకునే నాటి వరకు గడిచే ఆ పదేళ్లలోనే పీహెచ్‌డీ, పెళ్లి, పురుడు, ఇంటర్వ్యూలు అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. చాలామంది జారిపోయేది అక్కడే. కాబట్టి మీరు ఆలోచించవలసింది అమ్మాయి తెలివితేటల గురించి కాదు, ఆ పదేళ్లను ఎలా దాటించాలన్న దాని గురించి.

1933లో, తర్వాత జీవరసాయన శాస్త్రవేత్తగా పేరు పొందిన కమలా సొహోనీ బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరబోతే, ఆడపిల్ల అన్న కారణంతో అప్పటి డైరెక్టరు సి.వి. రామన్ కాదన్నారు, ఆమె పట్టుబట్టాక ఏడాదిపాటు పరీక్షగా చూస్తామన్న షరతు మీద చేర్చుకున్నారు. ఈరోజు అలా ముఖం మీద కాదనేవారు లేరు గాని, అడ్డంకులు చిన్న చిన్న నియమాల రూపంలో మిగిలే ఉన్నాయి. నా పరిశోధన రోజులలో మా హాస్టలు గేటు రాత్రి ఎనిమిదిన్నరకు మూసేసేవారు. సిలికా నింపిన గాజు గొట్టం గుండా ద్రావకం బొట్టు బొట్టుగా దిగుతూ పదార్థాలను విడదీసే పని సగంలో ఉండగా వదిలి వెళితే, పైనున్న ద్రావకమంతా దిగిపోయి సిలికా ఎండి పగుళ్లు వేస్తుంది. వారం రోజులు కష్టపడి తయారు చేసుకున్న పదార్థం అలా రెండుసార్లు పాడు చేసుకున్నాను. నా పక్క బల్ల దగ్గరి అబ్బాయిలు పదకొండింటి వరకు ఉండి పని ముగించుకునేవారు. ఏడాది చివర మా అందరి ఫలితాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, గేటు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. అందుకే అమ్మాయి చేరబోయే చోట హాస్టలు వేళలు ఏమిటో, రాత్రి ల్యాబు నుంచి తిరిగి రావడానికి ఏ ఏర్పాటు ఉందో, పరిశోధన చేయించే గైడు దగ్గర ఇంతవరకు ఎంతమంది అమ్మాయిలు పీహెచ్‌డీ పూర్తి చేశారో ముందే కనుక్కోండి. అక్కడ చదువుతున్న అమ్మాయిలనే అడగండి, వారు ఉన్నదున్నట్టు చెబుతారు.

ఖర్చు గురించి మీరు రాయలేదు గాని, మీ మనసులో ఉండే ఉంటుంది. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ అనే పరిశోధన భృతి వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు ఇస్తారు. దాని వయోపరిమితిలో ఆడవారికి అయిదేళ్ల సడలింపు ఉంది. యూజీసీ 2022 నియమాల ప్రకారం పీహెచ్‌డీ గడువులో మహిళలకు అదనంగా రెండేళ్లు, ప్రసూతికీ పిల్లల పెంపకానికీ 240 రోజుల వరకు సెలవు దొరుకుతాయి. మధ్యలో చదువు ఆగిపోయిన వారి కోసం కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ వారి వైజ్-కిరణ్ పథకం ఉంది. అయినా, ఒకసారి ఆగినవారు తిరిగి రావడం ఎంత కష్టమో నేను దగ్గరగా చూశాను కనుక, ఆ పథకాన్ని నమ్ముకుని ఇప్పుడే ఆపించవద్దని వేడుకుంటున్నాను.

సంబంధం విషయానికి వస్తే, దానిని వదులుకోమని నేను అనను. అయితే పీహెచ్‌డీ ఎక్కడ, ఎన్నాళ్లు, ఆ కాలంలో అమ్మాయి ఎక్కడ ఉంటుంది అన్నవి తాంబూలాలకు ముందే, అమ్మాయి ఎదురుగానే మాట్లాడుకోవాలి. ‘పెళ్లయ్యాక చూసుకుందాం’ అనే మాటను దయచేసి ఒప్పుకోవద్దు. అబ్బాయి కూడా అదే రంగంలో ఉంటే అన్నీ కలిసివస్తాయని అనుకోవడానికీ లేదు. ఎంతో పేరున్న రసాయన శాస్త్రవేత్త దర్శన్ రంగనాథన్, భర్త ఐఐటీ కాన్పూర్‌లో ఆచార్యులుగా ఉన్నందున, భార్యాభర్తలిద్దరికీ ఒకేచోట ఉద్యోగం ఇవ్వకూడదన్న రాయని నియమం వల్ల, అక్కడ ఏళ్ల తరబడి ఫెలోషిప్పుల మీదే పనిచేయవలసి వచ్చింది. హైదరాబాదులోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీకి వచ్చింది ఆ తర్వాతే.

మీ వదినగారు చెప్పిన బీఎడ్ తక్కువ చదువేమీ కాదు, కాని అది ఎమ్మెస్సీ తర్వాత కూడా చేయవచ్చు. ఎమ్మెస్సీకి ఐఐటీలు, బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్ జామ్ పరీక్ష ద్వారా తీసుకుంటాయి. దరఖాస్తులు సాధారణంగా సెప్టెంబరులో మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది. బరంపురం విశ్వవిద్యాలయానికి ఒడిశా ప్రభుత్వ ప్రవేశ పరీక్ష సీపీఈటీ రాయాలి. రెండూ రాయించండి. బరంపురంలోనే 2016 నుంచి సైన్సు చదువు, పరిశోధనల కేంద్ర సంస్థ ఐసర్ నడుస్తోంది. ఒక రోజు అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లి, ముందుగా అనుమతి అడిగి, అక్కడి రసాయన శాస్త్ర ల్యాబు చూపించి రండి. వీలైతే వదినగారిని కూడా తీసుకువెళ్లండి.