పదో రోజు ఫోన్ చెయ్యి

కందుకూరు

చిరంజీవి శీనుకి మామయ్య ఆశీస్సులు.

దసరా నుంచి సిగరెట్ మానేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. పుష్యమాసంలో మీ ఆవిడకి కాన్పు కదా, అందుకేనట. పొగాకు వేసి, ఆకు ఆరబెట్టే బ్యారన్ పొయ్యి దగ్గర రాత్రిళ్లు మేలుకున్న ఇల్లు మనది. ఆ ఇంటి పిల్లాడు మానతానంటే గర్వంగానే ఉంది. టెన్షన్ కూడా పట్టుకుంది, ఎందుకో చెప్తా.

పెట్టె, లైటరు పారెయ్. టీ బంకు వైపు పోకు. నికోటిన్ గమ్ గురించి డాక్టర్ని అడుగు. పొగాకు మాన్పించే సర్కారు నంబరు 1800 11 2356కి చేస్తే ఉచితంగా సలహా చెప్తారు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీకు తెలియనిది ఆ తర్వాత వచ్చే దగ్గు.

1994 కార్తీకంలో నేనూ మానాను. తొమ్మిది రోజులు బాగానే గడిచాయి. పదో రోజు పొద్దున వేపపుల్ల నములుతుంటే దగ్గు తెర పట్టుకుంది. గచ్చు మీద చిక్కటి కఫం, అందులో బూడిద రంగు చారలు. పక్కింటాయన చూసి, "అలవాటైన ఒళ్లు, ఒక్కసారే మానకూడదయ్యా" అన్నాడు. నాకు కావలసిన మాట అదే! సాయంత్రానికి వెలిగించాను. రెండు రోజుల్లో దగ్గు సద్దుమణిగింది. మందు దొరికిందనుకున్నాను, వెధవని.

ధనుర్మాసంలో ఇంటిల్లిపాదికీ ఫ్లూ. మీ అత్తయ్య మూడో రోజుకి లేచి ముగ్గు పెట్టింది. నాకు న్యుమోనియా అయి, ఒంగోలులో పదకొండు రోజులు ఆక్సిజన్ గొట్టంతో పడుకున్నాను. అక్కడి డాక్టరు చెప్తే తెలిసింది. ఊపిరి గొట్టాల లోపల కంటికి కనపడని నూగు ఉంటుందట. గాలికి వరిచేను ఊగినట్టు ఊగుతూ, దుమ్మూ వైరస్సూ అంటిన జిగటను గొంతులోకి నెట్టేస్తుంది. పొగ దాన్ని పడుకోబెడుతుంది. మానేస్తే మెల్లగా లేచి పాత చెత్త ఊడుస్తుంది, ఆ ఊడుపే దగ్గు. "లేచినదాన్ని మళ్లీ పడుకోబెట్టావు" అన్నాడాయన. అందుకని కొన్ని వారాలు దగ్గినా కంగారుపడకు. రక్తం పడినా, జ్వరమో ఆయాసమో వచ్చినా, ఎన్నాళ్లకీ తగ్గకపోయినా మాత్రం ఆసుపత్రికి పరుగెత్తు.

ఇరవై తొమ్మిదేళ్ల ఒంటికి ఏమవుతుందంటావేమో. 1978లో ఇజ్రాయెల్ సైన్యంలో ఒక దళానికి ఫ్లూ పాకింది. అందరూ కుర్రాళ్లే. పొగ తాగేవాళ్లలో నూటికి 68 మందికి పైగా పడ్డారు, తాగనివాళ్లలో 47 మంది. వాళ్లంతా ఒకే చోట మసలినవాళ్లేరా.

ఇంకో సంగతి మీ అమ్మకి కూడా చెప్పలేదు. మా పెద్దది ఆరునెలల పిల్లప్పుడు జలుబు ముదిరి డొక్కలెగరేసింది. దీపం దగ్గర పెట్టి చూస్తే, ఊపిరి తీసిన ప్రతిసారీ పక్కటెముకల కింద గుంటలు పడుతున్నాయి. నేను పంచలో తాగి, అదే చొక్కాతో దాన్ని భుజానేసుకునేవాణ్ని. పొగ ఉన్న ఇంట్లో పసివాళ్లకి వైరస్ జలుబులు త్వరగా ఛాతీలోకి దిగుతాయి. బాల్కనీలో తాగొచ్చాగా అని మాత్రం అనకు నాతో. మీ ఆవిడకి ఫ్లూ టీకా సంగతి ఈ వారమే డాక్టర్ని అడుగు.

ఒకవేళ ఒకటి వెలిగించావే అనుకో, దాచకు. తిడతాను, ఆ తర్వాత అన్నం తిన్నావా అని అడుగుతాను, తెలుసుగా.

పదో రోజు పొద్దున్నే ఫోన్ చెయ్యి. నీ దగ్గు నేను వినాలి.

మీ మామయ్య